కూతా నిలవాలి, గీతా దాటాలి

కృష్ణా డెల్టా దిగువన, బందరులోనో గుడివాడలోనో దివిసీమలోనో పెరిగినవాళ్లకు ఫుట్‌బాల్ ఆడే తీరు గురించి చెప్పాలంటే కబడ్డీతో మొదలుపెట్టడం మేలు. కూతకు వెళ్లినవాడి మీద రెండు బాధ్యతలుంటాయి. ఊపిరి తెగకుండా కూత నిలుపుకోవాలి. అవతలి కోర్టులోకి చొరబడి, నడిగీతకు 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్‌లైన్ దాటాలి. ఎవరినీ తాకకుండా, ఆ గీతా దాటకుండా వెనక్కి వచ్చేస్తే కూత ఎంత గట్టిగా నిలిచినా అతను ఔటే. పాయింటు అవతలివాళ్ల ఖాతాలో పడుతుంది. కూత నిలుపుకోవడాన్నీ గీత దాటడాన్నీ ఈ నియమం ఒకే ముడి వేసింది. అందుకే కబడ్డీ నేర్చుకునే పిల్లవాడికి ముందుకెళ్లమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆటే చెబుతుంది. ఫుట్‌బాల్‌లో అలాంటి నియమం లేదు. ఒక జట్టు తమ సగంలోనే నిలబడి చీకటి పడేదాకా బంతిని ఒకరికొకరు అందించుకున్నా రిఫరీ ఈల వెయ్యడు. దాంతో బంతి నిలుపుకోవడం ఒక విద్య, ముందుకు ఆడటం మరో విద్య అన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాల్సిందేనని చాలామంది నమ్ముతారు. నిజానికి అవి ఒకే విద్యకు రెండు కొసలు. వాటిని విడదీస్తున్నది మనం సాధన చేయించే పద్ధతి. సాధనలో ఒక బాక్‌లైన్ గీస్తే రెండూ కలిసే వస్తాయన్నది ఈ అధ్యాయంలో నిరూపించదలచిన మాట.

మన బళ్లలో వ్యాయామం నేర్పే ఆయన్ని చాలాకాలం డ్రిల్లు మాస్టారు అనే పిలిచారు. డ్రిల్లంటే వరసలో నిలబడటం, ఈలకు కదలడం, చెప్పిన పనిని చెప్పినట్టు పదేపదే చెయ్యడం. కవాతు మైదానంలో పుట్టిన ఆ మాట ఫుట్‌బాల్ సాధనలోకి వస్తూ తన అలవాట్లనూ వెంట తెచ్చుకుంది. పిల్లలు రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడతారు. ముందున్నవాడు బంతిని ఎదుటి వరసకు తన్ని, పరుగెత్తి వెనక చేరతాడు. పది నిమిషాలయ్యేసరికి పాస్‌లు చక్కబడతాయి, చూసేవాళ్లకు ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటను ఎంతవరకు నమ్మవచ్చో 1979లో షే, మోర్గాన్ అనే అమెరికన్ పరిశోధకుల ప్రయోగం చెబుతుంది. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, చిన్న చెక్క అడ్డుపలకల్ని ఒక వరస ప్రకారం వేగంగా పడగొట్టడం వాళ్లు పెట్టిన పరీక్ష. అలాంటి వరసలు మూడు. ఒక బృందం మొదటి వరసను పూర్తిగా నేర్చుకున్నాకే రెండోదానికి వెళ్లింది. ఇంకో బృందానికి మూడింటినీ కలగాపులగంగా ఇచ్చారు. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి బృందానిదే పైచెయ్యి. పది రోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కలగాపులగంగా నేర్చుకున్నవాళ్లు ముందున్నారు. ప్రతిసారీ ఏం చెయ్యాలో మళ్లీ గుర్తు చేసుకుని మొదలుపెట్టాల్సి రావడమే వాళ్లకు చదువైంది. ప్రయోగశాలలో కనిపించినంత తేడా మైదానంలో కనిపించదు. అప్పుడే మొదలుపెట్టిన పిల్లలకు కొంత వల్లెవేత అవసరం కూడా. అయినా అసలు లోపం అలాగే ఉంటుంది. రెండు వరసల డ్రిల్లులో ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎటు ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది. మ్యాచ్‌లో అడిగేవి సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే.

ముందుకు పాస్ ఇవ్వడం ఫుట్‌బాల్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదని ఆట చరిత్ర చెబుతోంది. 1863లో లండన్‌లో రాసుకున్న తొలి నియమాల ప్రకారం బంతికి ముందున్న సహచరుడు ఆటలో లేనట్టే లెక్క. కాబట్టి బంతి దొరికినవాడు తలవంచుకుని దూసుకెళ్లడం, చుట్టూ ఉన్నవాళ్లు గుంపుగా అతని వెంట పరుగెత్తడం తప్ప దారి లేదు. 1866లో నియమం మారి, పాస్ అందుకునేవాడికీ గోల్ గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుంటే చాలన్నారు. 1872 నవంబరు 30న గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి. శరీర దారుఢ్యంలో ఇంగ్లండ్‌వాళ్లదే పైచెయ్యి. స్కాట్లండ్‌వాళ్లు ఒకరికొకరు బంతి అందించుకుంటూ నెగ్గుకొచ్చి 0-0తో నిలబడ్డారు. 1925లో ఆ ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు, గోల్‌లు ఒక్కసారిగా పెరిగాయి. నియమం మారిన ప్రతిసారీ ఆటగాళ్ల కాళ్లూ కళ్లూ దానికి తగ్గట్టు మారాయి. ఈ నూట అరవై ఏళ్ల చరిత్రలో సాధనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. కోచ్ కేకల కంటే నియమమే గట్టి గురువు.

ముందుకు ఆడటమే ముఖ్యమనేవాళ్ల దగ్గర ఒక పాత లెక్క ఉంది. చార్లెస్ రీప్ అనే ఇంగ్లిష్ వైమానిక దళ అధికారి 1950లో నోట్‌బుక్కు పట్టుకుని మ్యాచ్‌ల లెక్కలు రాయడం మొదలుపెట్టాడు. 1968లో బెంజమిన్ అనే గణాంకవేత్తతో కలిసి ఆ లెక్కలు ప్రచురించాడు. గోల్‌లలో దాదాపు 80 శాతం మూడు లేదా అంతకంటే తక్కువ పాస్‌లలో పడినవేనని తేలింది. అయితే ఎక్కువ పాస్‌లు దండగ, బంతిని ఎత్తి ముందుకు తన్నడమే మేలని ఇంగ్లండ్‌లో ఒక తరం కోచ్‌లు తీర్మానించుకున్నారు. ఇందులో ఉన్న పొరపాటు డెల్టా రైతు చెవిన పడితే వెంటనే పట్టేసేవాడు. వంద ఎకరాలున్నవాడి కళ్లంలో ధాన్యం రాశి పెద్దదే. అతని సేద్యం మంచిదో కాదో తేలాలంటే ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో అడగాలి. రీప్ లెక్కల్లోనే మూడు పాస్‌ల లోపు ముగిసిన దాడులు 90 శాతానికి పైగా ఉన్నాయి. అంటే 90 ఎకరాల నుంచి 80 బస్తాలు, మిగిలిన పదెకరాల లోపు నుంచే 20 బస్తాలు. దిగుబడి ఎక్కడ ఎక్కువో చెప్పక్కర్లేదు. 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు 1990, 1994 ప్రపంచకప్ మ్యాచ్‌లను ఇలా ఎకరం లెక్కన మళ్లీ తూచారు. బంతిని ఎక్కువ పాస్‌ల దాకా నిలుపుకున్న దాడులకే గోల్ దిగుబడి ఎక్కువని తేలింది.

అలాగని పాస్‌ల సంఖ్యనే పూజించడం మొదలుపెడితే ఇంకో గోతిలో పడతాం. 2018 జూలై 1న మాస్కోలో రష్యా మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఆడింది. మ్యాచ్‌లో దాదాపు మూడొంతుల సమయం బంతి వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. అన్ని పాస్‌లకూ వచ్చింది ఒక్క గోల్, అదీ రష్యా డిఫెండర్ కాలికి తగిలి సొంత గోల్‌లో పడింది. 1-1 దగ్గర ఆగి, పెనాల్టీలలో స్పెయిన్ ఇంటిదారి పట్టింది. దివిసీమ శివారు భూముల వాళ్లకు ఈ బాధ కొత్త కాదు. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీలో నీళ్లుంటాయి, బందరు కాలువ లాకుల దగ్గరా నీళ్లుంటాయి. పులిగడ్డ అక్విడక్ట్ దాటి, నాగాయలంక, కోడూరు వైపు చివరి బోదె దాకా వస్తేనే నాటు పడుతుంది. పైన నీటిమట్టం నిలపకపోతే కింద శివారుకు నీరెక్కదు, నిజమే. కానీ మట్టం నిలపడం శివారు కోసమే. మాస్కోలో స్పెయిన్ కాలువ నిండుగానే ఉంది. చివరి బోదె తడవలేదు. రీప్ శిష్యులు కట్ట తెంచి నీళ్లు వదిలినవాళ్లైతే, ఆ రోజు స్పెయిన్ తూములు మూసుకుని మట్టం చూసుకుని మురిసింది.

ఈ రెంటినీ ఒకే సాధనలో ఎలా కలపాలో తెలుగు నేల మీదే ఒకాయన చేసి చూపించారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టయింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. ఆయన పద్ధతుల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు ఆయన నడిపారు. బంతితో పరుగు తీసి ఎదుటివాణ్ణి తప్పించే వీలు లేదంటే ఆటగాడికి మిగిలిన దారేమిటి? బంతి రాకముందే చుట్టూ చూసుకోవాలి, ఒక్క తాకులో వదిలెయ్యాలి, వదిలిన మరుక్షణం ఖాళీ జాగాలోకి కదిలి మళ్లీ అందుకోవాలి. ఇవన్నీ ఆయన బోర్డు మీద రాసి చెప్పి ఉండొచ్చు. ఆయన మాత్రం నియమం మార్చి వదిలేశారు. అటూ ఇటూ గోల్‌పోస్టులున్నాయి, ఎదురుగా ప్రత్యర్థులున్నారు, గెలుపోటములున్నాయి. కాబట్టి బంతి నిలుపుకోవడం అక్కడ ఉత్త ఊరేగింపుగా మారే ప్రమాదం లేదు. క్రీడాశాస్త్రంలో కార్ల్ న్యూవెల్ 1986లో ఒక సూత్రం చెప్పాడు. మనిషి దేహం, చుట్టూ ఉన్న పరిసరాలు, చెయ్యాల్సిన పని అనే మూడింటి హద్దుల మధ్యే కదలిక రూపుదిద్దుకుంటుందని దాని సారాంశం. మూడో హద్దును ఎలా జరపాలో రహీం అంతకు ముప్పై ఏళ్ల కిందటే మైదానంలో చేసి చూపించారు.

ఆ సూత్రాన్ని డెల్టా బడి మైదానానికి దించితే ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు జాగా తీసుకుని, అడ్డంగా రెండు సున్నపు గీతలు గీస్తే పదేసి మీటర్ల మడులు మూడు వస్తాయి. రెండు చివరి మడుల్లోనూ నలుగురేసి ఒకే జట్టువాళ్లు. ఎదుటి జట్టువాళ్లు నలుగురు. వాళ్లలో ఇద్దరు బంతి ఉన్న మడిలోకి వెళ్లి వెంటపడతారు, ఇద్దరు నడిమి మడిలో కాపు కాస్తారు. బంతి ఉన్న నలుగురూ తమలో తాము ఎన్ని పాస్‌లు ఆడుకున్నా తప్పు లేదు, పాయింటూ లేదు. నడిమి మడి మీదుగా నేల మీద దొర్లించి అవతలి మడికి చేర్చి, అక్కడివాడు బంతిని అదుపు చేసుకుంటేనే పాయింటు. అప్పుడు వెంటపడే పని నడిమి మడివాళ్లది, కాపు కాసే పని ఇంతవరకు వెంటపడినవాళ్లది. బంతి పోతే, పోగొట్టిన నలుగురూ కాపలాకు దిగాలి. కుదుటపడ్డాక నడిమి మడిలో ఏ జట్టుకూ చెందని ఒకణ్ణి అదనంగా పెట్టాలి. అతను బంతి అందుకుని తిరిగి ముందుకు ఇస్తే రెండు పాయింట్లు. బార్సిలోనా ద్వారా పేరుకెక్కిన రొండో ఆటలో చుట్టూ నిలబడ్డవాళ్లు నడుమ ఉన్నవాళ్లకు చిక్కకుండా బంతి తిప్పుతారు. ఈ మూడు మడుల ఆట ఆ రొండోకు దిక్కు చూపిస్తుంది. సున్నపు గీతే ఇక్కడ బాక్‌లైన్.

ఇందులో కాపలా ఇద్దరూ ఇరవై మీటర్ల వెడల్పును ఎంతమేరకు మూయగలరో చిన్న లెక్క వేస్తే పక్క పాస్‌లు ఎందుకో అర్థమవుతుంది. బంతి ఉన్నవాడికీ కాపలా వరసకూ మధ్య పది మీటర్లనుకుందాం. కాపలావాడు బంతి కదలికను గుర్తించి కాలు కదపడానికి పావు సెకను పడుతుందనీ, సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున వేగం పెంచుకుంటాడనీ, చివర్లో కాలు చాపితే ఇంకో మీటరు అందుతుందనీ అనుకుందాం. బంతి సెకనుకు 12 మీటర్ల సగటు వేగంతో వస్తే అతని వరస చేరడానికి 0.83 సెకను. గుర్తించే సమయం తీసేస్తే మిగిలే 0.58 సెకనులో అతను కదిలేది 0.7 మీటరే. కాలు చాపుతో కలిపి పక్కకు 1.7 మీటర్లు, రెండు వైపులా 3.4. ఇద్దరూ కలిసి మూసేది ఏడు మీటర్లకు లోపు, మిగిలిన పదమూడు మీటర్లూ తెరిచే ఉన్నాయి. అదే బంతి సగం వేగంతో, సెకనుకు ఆరు మీటర్ల చొప్పున దొర్లితే ఒక్కొక్కడు చెరో వైపు అయిదేసి మీటర్లు మూయగలడు. ఇద్దరూ కలిస్తే ఇరవై. గేటు పూర్తిగా పడిపోయింది. వేగం సగమైతే మూసుకుపోయే జాగా మూడింతలకు చేరువవుతోంది. ఇదే లెక్కను పక్క పాస్‌కు వర్తించండి. బంతి ఒకడి నుంచి పది మీటర్ల అవతల ఉన్న సహచరుడికి గట్టిగా వెళ్లినప్పుడు కాపలావాళ్లు నాలుగైదు మీటర్లు జరగాలి. ఆ వ్యవధిలో జరగగలిగేది మీటరు కూడా లేదు. ఆ క్షణంలో తూము తెరుచుకుంటుంది. అందుకున్నవాడు ఒకటి రెండు తాకుల్లో ముందుకు వదిలితే బంతి దాటుతుంది. నాలుగు తాకులు తీసుకుంటే కాపలా సర్దుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. పక్కకీ వెనక్కీ ఆడే పాస్ పని ఎదుటివాళ్లను జరపడమే. ఆ పని చెయ్యని పాస్ ఒట్టి కాలయాపన.

తూము తెరుచుకున్న క్షణం చూసేవాడికే దక్కుతుంది. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్దెట్ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలు పెట్టుకుని, బంతి కాలికి చేరకముందు ఎవరు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూశారో లెక్కపెట్టాడు. ఎక్కువసార్లు చూసినవాళ్లే ముందుకు ఇచ్చిన పాస్‌లను ఎక్కువగా గమ్యం చేర్చారు. చూడటమే పాస్‌ను చేర్చిందని దీన్నిబట్టి తేల్చెయ్యలేం. బాగా ఆడేవాళ్లకే తీరిగ్గా చూసుకునే వెసులుబాటు ఉంటుందేమో. కానీ సాధన రూపకల్పనకు ఇది గట్టి సూచనే. వరస డ్రిల్లులో తల తిప్పి చూడటానికి ఏమీ ఉండదు, కాబట్టి పిల్లలు చూడరు, చూడకపోవడమే అలవాటవుతుంది. మూడు మడుల ఆటలో భుజం మీదుగా అవతలి మడి వైపు చూడనివాడికి పాయింటు రాదు. చూడమని అరవాల్సిన పని మాస్టారికి తప్పుతుంది.

డెల్టా నేల దీనికి పనికిరాదని ఎవరైనా అనవచ్చు. నల్లమట్టి వానకు కాలికి అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది, బంతి అనుకున్న దారిన దొర్లదు, అలాంటిచోట ఎత్తి తన్నడమే నయం కదా అని. పైన వేసిన లెక్కలో సగటు వేగం మీద పడే దెబ్బ నిజమే. దానికి విరుగుడు మడి పొడవు తగ్గించడం. పది మీటర్ల మడిని ఏడు చేస్తే ఆలస్యంగా దొర్లే బంతి కూడా వేళకు చేరుతుంది. ఎత్తి తన్నిన బంతికి నేల చిక్కు తప్పినా గాలి చిక్కు తప్పదు. బందరు వైపు సాయంత్రం సముద్రపు గాలి వీచేదీ, బడి వదిలాక ఆట మొదలయ్యేదీ ఒకే వేళ. పైగా దిగాక అది పడేది అదే ఎగుడుదిగుడు నేల మీద, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థుల నడుమ. లీసెస్టర్ సిటీ 2015-16లో బంతిని సగం సమయం కూడా నిలుపుకోకుండా ప్రీమియర్ లీగ్ గెలిచింది కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఆ జట్టు విజయం ఈ వాదనకు ఎదురు రాదు, దన్నుగా నిలుస్తుంది. వాళ్లకు బంతి చిక్కే సమయానికి ఎదుటి జట్టు ముందుకొచ్చేసి ఉండేది, తూము అప్పటికే తెరిచి ఉండేది. తెరిచి ఉన్నదాన్ని తెరవడానికి పక్క పాస్‌లెందుకు? ఎన్ని పాస్‌లు అవసరమన్నది ఎదుటివాళ్లు నిలబడ్డ తీరు చెబుతుంది, సిద్ధాంతం చెప్పదు. మూడు మడుల ఆటలోనూ బంతి చిక్కిన మొదటి తాకులోనే దారి కనిపిస్తే ముందుకు ఇచ్చెయ్యడం సరైన ఆటే.

మరింత బరువున్న అభ్యంతరం డ్రిబ్లింగ్ గురించి వస్తుంది. తాకులకు హద్దు పెట్టి పెంచితే ఒంటిచేత్తో ఆట మలుపు తిప్పగల పిల్లవాడు మొగ్గలోనే మాడిపోడా? ఈ భయం అకారణం కాదు. ఏడాదంతా రెండు తాకులే అంటే అలాంటి నష్టం జరుగుతుంది. రహీం నియమాలు మాత్రం ఒక్కో పోటీకి వేసిన మందులు, రోజూ తినే అన్నం కావు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ 1956, 1962 జట్లలో ఆడినవాడే. ఎదుటివాళ్లను బంతితో తప్పించడంలో ఆయనకు పెద్ద పేరు. సహచరుడెక్కడున్నాడో తెలిసినవాడి డ్రిబ్లింగ్‌కు భయపెట్టే శక్తి వస్తుంది, ఎందుకంటే అతను ఇస్తాడో తీసుకెళ్తాడో డిఫెండర్‌కు తెలియదు. చిన్నపిల్లల విషయంలో ఇంకో సర్దుబాటు కావాలి. పదేళ్లవాళ్లకు నలుగురి మీద ఇద్దర్ని వదిలితే బంతి నిలవదు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒక్కణ్ణే వదలాలి, నడిమి మడిలోనూ ఒక్కణ్ణే ఉంచాలి, తాకులకు హద్దు పెట్టకూడదు. ప్రత్యర్థుల సంఖ్య తగ్గించవచ్చు, మడి కొలతలు మార్చవచ్చు. సున్నపు గీతను మాత్రం చెరపకూడదు. అది చెరిపితే సాధన మళ్లీ కూత దగ్గరే ఆగిపోతుంది.

ఈ పద్ధతికి ఖరీదైన సరంజామా ఏదీ అక్కర్లేదు. నలభై మంది పిల్లలున్న తరగతికి మూడు బంతులు, కాస్త సున్నం చాలు. పన్నెండేసి మంది మూడు చోట్ల ఆడతారు, మిగిలిన నలుగురూ పాయింట్లు లెక్కపెడుతూ వంతు కోసం చూస్తారు. వరస డ్రిల్లులో ఒక్కొక్కడికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెడతారు. ఇక్కడ లెక్కపెట్టాల్సింది బంతి ఎన్నిసార్లు నడిమి మడి దాటిందో. ఆ ఒక్క అంకె మారితే పిల్లల చూపు మారుతుంది, చూపు మారితే కాలు మారుతుంది. కాలువ బాగోగులు తెలియాలంటే అనుభవమున్న రైతు హెడ్ రెగ్యులేటర్ దగ్గరికి పోడు, శివారు బోదె దగ్గరికి పోయి తడి చూస్తాడు.